ఏడాది రోడ్‌మ్యాప్ తీసేశాక ప్రతి సోమవారం ప్లాన్ మారుతుంటే ఏం చేయాలి

మీ ప్రశ్న సారాంశం ఇదీ: హైదరాబాద్‌లో చిన్న వ్యాపారులకు జీఎస్టీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ. నాలుగు టీమ్‌లు, దాదాపు 30 మంది, రెండు వారాల స్ప్రింట్లు (పని విడతలు). ఏప్రిల్‌లో వేసిన ఏడాది రోడ్‌మ్యాప్ (ఏ ఫీచర్ ఎప్పుడు అన్న ప్లాన్) జూలైకల్లా సగం చెల్లకుండా పోతోందని పైవాళ్లు దాన్ని తీసేసి ఇకమీదట కంటిన్యువస్ ప్లానింగ్, అంటే ప్లాన్‌ను ఎప్పటికప్పుడు సరిచేసుకుంటూ పోవడం అన్నారు. నెల తిరక్కుండానే ప్రతి సోమవారం ప్రాధాన్యాలు మారిపోతున్నాయి, టీమ్‌లు విసిగిపోయాయి. పాత పద్ధతే నయమా అని అడిగారు.

పాత పద్ధతి నయం కాదు. అయితే మీరిప్పుడు చేస్తున్నదాన్ని కంటిన్యువస్ ప్లానింగ్ అనరు. ప్లాన్‌లో ఏ భాగం ఎంత తరచుగా మారొచ్చు, దాన్ని మార్చే అధికారం ఎవరిది, ఏం జరిగితే మార్చాలి అన్న మూడు విషయాలు ముందే రాసుకుని ఉండాలి. మీవాళ్లు ఏడాది ప్లాన్ తీసేశారు గానీ ఆ చోట ఈ నియమాలేవీ పెట్టలేదు. అందుకే సోమవారం మీటింగ్‌లో ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ల పనే ముందుకొస్తోంది.

ఏడాది ప్లాన్ ఎందుకు నిలవదో మీ రంగంలోనే చూడొచ్చు. ఇ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసి ఇచ్చే బిల్లు) తప్పనిసరి అయ్యే పరిమితిని 20 కోట్ల టర్నోవర్‌కు దించుతూ 2022 ఫిబ్రవరి 24న నోటిఫికేషన్ వచ్చింది, ఏప్రిల్ 1 నుంచి అమలు. మధ్యలో ఉన్నది 36 రోజులు. 10 కోట్లకు దించినప్పుడు ఆగస్టు 1న నోటిఫికేషన్, అక్టోబర్ 1న అమలు. 5 కోట్లకు దించింది 2023 మే 10న, అమలు ఆగస్టు 1న. ఇక 2025లో సెప్టెంబర్ 3న జీఎస్టీ కౌన్సిల్ రేట్లు మార్చింది, 22 నుంచి కొత్త రేట్లు. అంటే 19 రోజుల్లో ప్రతి కొట్టులోని ఐటమ్ మాస్టర్ (సరుకులు, వాటి పన్ను రేట్ల జాబితా) మారాలి, పాత రేటుతో అమ్మిన సరుకు వాపసు వస్తే క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ ఇచ్చే పత్రం) పాత రేటుతోనే వెళ్లాలి. వీటిలో ఏ ఒక్కటీ అంతకు ముందు ఏప్రిల్‌లో కూర్చుని ఊహించగలిగేది కాదు. కానీ ఇలాంటిది ఏడాదికి ఒకటో రెండో వస్తుందని మాత్రం ఎవరైనా చెప్పగలరు. కాబట్టి ఏడాది దూరానికి ప్లాన్‌లో రాసుకోవలసింది దాని కోసం పట్టి ఉంచిన మనుషుల సమయం. ఫీచర్ పేరు, తేదీ వచ్చేది నోటిఫికేషన్ చేతికి అందిన తర్వాతే.

మీ సైజు కంపెనీకి నాలుగు పొరలు చాలు.

అన్నిటికన్నా పైన దిశ. వచ్చే ఏడాది, ఏడాదిన్నరలో ఎవరికి అమ్ముతాం, వాళ్ల ఏ ఇబ్బంది తీరుస్తాం, ఏది చేయం. ఒక పేజీ దాటకూడదు. ఫీచర్ పేరు కనిపిస్తే కొట్టేయండి. ఆరు నెలలకోసారి చూస్తారు, మార్చేది వ్యవస్థాపకులు, ప్రాడక్ట్ హెడ్. దాని కింద పందాలు. ఎనిమిది నుంచి పన్నెండు వారాల్లో కదిలించాలనుకుంటున్న ఫలితాలు ఇక్కడ ఉంటాయి. "రిటర్న్ దాఖలు స్క్రీన్ కొత్తగా చేయాలి" అనేది పందెం కాదు. "మన సాఫ్ట్‌వేర్‌లో తయారైన జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) జీఎస్టీ పోర్టల్‌లో మొదటిసారే తప్పు లేకుండా ఎక్కే శాతం 70 నుంచి 90కి పెరగాలి" అనేది పందెం. టీమ్‌కు ఒకటి, మహా అయితే రెండు. మూడోది పెట్టారంటే ఒక్కటీ సరిగ్గా నడవదు. మూడో పొర రెండు నుంచి నాలుగు వారాల సిద్ధమైన వరుస. ఏం చేయాలో, ఎలా పరీక్షించాలో తేలిపోయిన పనులు ఇందులో ఉంటాయి. ఒకటిన్నర స్ప్రింట్‌కు సరిపడా ఉంటే చాలు, రెండు దాటితే మీరు రాసిన వివరాలు పాడవడం మొదలవుతుంది. నాలుగోది ఈ వారం చేతిలో ఉన్న పని.

ఈ నాలుగో పొర తలుపు దాదాపు మూసి ఉండాలి. మొదలుపెట్టిన పనిని ఆపడానికి మీ రంగంలో మూడే కారణాలు ఒప్పుకోండి: చట్టం పెట్టిన తేదీ, పన్ను లెక్క తప్పు రావడం లేదా డేటా పోవడం, భద్రతా లోపం. పెద్ద కస్టమర్ ఫోన్ చేశాడన్నది ఈ జాబితాలో లేదు. ఆయన పని మూడో పొరలో మొదటి స్థానానికి రావచ్చు. అక్కడ తలుపు బార్లా తెరిచే ఉంటుంది. ఇంకా ఎవరూ తాకని పనిని ఏ రోజైనా పైకీ కిందకీ జరపొచ్చు, ప్రాడక్ట్ మేనేజర్ ఒక్కరే చాలు, మీటింగ్ అక్కర్లేదు. మీ దగ్గర సోమవారం జరుగుతున్న గొడవలో ముప్పావు వంతు ఈ ఒక్క గీత గీస్తే ఆగుతుంది.

పందాలను త్రైమాసికం చివర మూకుమ్మడిగా మార్చకండి. చాలా కంపెనీలు ఏడాది ప్లాన్ వదిలి మూడు నెలల ప్లాన్‌కు వస్తాయి. నిజానికి అది అదే జబ్బు, కాకపోతే ఏడాదికి నాలుగుసార్లు వస్తుంది. జూన్ చివరి రెండు వారాలు అందరూ స్లైడ్లు చేస్తూ కూర్చుంటారు, సగంలో ఉన్న పని తేదీ కోసం ముక్కలవుతుంది. దానికన్నా నాలుగు వారాలకోసారి రెండు గంటలు కూర్చోండి. ప్రతి పందానికి మూడే ప్రశ్నలు: అంకె కదిలిందా, కదలకపోతే ఎందుకనుకుంటున్నాం, కొనసాగించాలా మార్చాలా ఆపాలా. ఒకటి ముగిస్తేనో ఆపేస్తేనో ఆ ఖాళీలోకి ఒక్కటే కొత్తది వస్తుంది. పందెం మొదలుపెట్టేటప్పుడే ఆపే షరతు కూడా రాయండి: "ఆరు వారాల్లో ఈ అంకె కనీసం 75 దాటకపోతే ఆపేస్తాం" అని. ఇది ముందు రాయకపోతే తర్వాత ఎవరికీ ఆపే ధైర్యం రాదు. పెట్టిన ఖర్చు చూసి ఇంకా పెడుతూ పోతారు.

పెద్ద సంస్థల కోసం వచ్చిన స్కేల్డ్ ఎజైల్ పద్ధతిలో ఎనిమిది నుంచి పన్నెండు వారాలకోసారి అన్ని టీమ్‌లూ రెండు రోజులు కూర్చునే పెద్ద ప్లానింగ్ ఒకటి ఉంది. మీకెవరైనా సలహా ఇచ్చే ఉంటారు. యాభై మంది పైబడి, టీమ్‌ల మధ్య పనులు బాగా ముడిపడి ఉన్న చోట దానికి ఒక అర్థం ఉంది. నాలుగు టీమ్‌లకు అది దండగ. వారానికి అరగంట, టీమ్‌కు ఒకరు వచ్చి "వచ్చే రెండు వారాల్లో నాకు మీ నుంచి ఇది కావాలి" అని చెప్పుకుంటే చాలు. నాలుగు పనుల్లో ఒకటికి మించి ఇంకో టీమ్ కోసం ఆగుతుంటే మాత్రం ఆ సమస్య ఎన్ని మీటింగ్‌లు పెట్టినా తీరదు, టీమ్‌ల సరిహద్దులే మార్చాలి. పన్ను లెక్క ఒక టీమ్, స్క్రీన్లు ఒక టీమ్, రిపోర్టులు ఒక టీమ్ అని పొరలుగా విడగొట్టి ఉంటే ఈ ఆగడం తప్పదు. అమ్మకం బిల్లు, కొనుగోలు, రిటర్నులు అని కస్టమర్ చేసే పనిని బట్టి విడగొడితే చాలా తగ్గుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు, సామర్థ్యం. స్ప్రింట్‌ను నూటికి నూరు నింపి పైగా కంటిన్యువస్ ప్లానింగ్ అంటే కుదరదు. క్యూలను లెక్కకట్టే వరుసల సిద్ధాంతంలో అన్నిటికన్నా సాదా నమూనా తీసుకున్నా, టీమ్ 80 శాతం నిండి ఉంటే కొత్త పని తన వంతు కోసం ఆగే సగటు సమయం, ఒక పని చేయడానికి పట్టే సమయానికి 4 రెట్లు. 90 శాతంలో 9 రెట్లు, 95లో 19 రెట్లు. మీ టీమ్‌లు అచ్చంగా ఆ నమూనాలా నడవవు, కానీ గీత వంపు అదే. చివరి పది శాతం నింపబోతే ఆలస్యం ఒక్కసారిగా లేస్తుంది. మొదట ఇలా పంచి చూడండి: పందాలకు 55 నుంచి 60 శాతం, సపోర్ట్ నుంచి వచ్చే తప్పులకు 15 నుంచి 20, పాత కోడ్ బాగుచేతకు 10, మిగిలిన 10 నుంచి 15 ఎవరికీ కేటాయించకుండా. ఈ అంకెలను పట్టుకుని వేలాడకండి. గత ఆరు నెలల టికెట్లు (నమోదైన పనులు) తీసి, నిజంగా ఎంత సమయం ఎటు పోయిందో లెక్క వేసి సరిచేయండి. సపోర్ట్‌కే 40 శాతం పోతోందని తేలితే ప్లాన్‌లో 15 అని రాసి లాభం లేదు. ముందు 40 అనే రాసి, దాన్ని తగ్గించడాన్నే ఒక పందెంగా పెట్టండి.

ఆ ఖాళీ సమయం చూసి ఫైనాన్స్ వాళ్లు అడుగుతారు, ఊరికే కూర్చోబెట్టి జీతాలిస్తున్నామా అని. 2025 సెప్టెంబర్‌లాంటి 19 రోజులు వస్తే ఆ ఖాళీ లేని కంపెనీ ఏ పని ఆపి ఈ పని చేసిందో, ఆపిన పని ఎన్ని వారాలు వెనక్కి వెళ్లిందో చూపించండి. అంతకన్నా గట్టి వాదన లేదు.

మీ రంగానికి క్యాలెండర్ కూడా ప్లాన్‌లో భాగమే. నెలవారీ దాఖలు చేసేవారికి జీఎస్టీఆర్-1 గడువు తర్వాతి నెల 11, పన్ను చెల్లించే సారాంశ రిటర్న్ జీఎస్టీఆర్-3బి గడువు 20. ఆ రెండు తేదీలకు ముందు మూడేసి రోజులు పెద్ద రిలీజ్ వద్దు, సపోర్ట్ వాటా ఆ వారాల్లో పెంచండి. ఆర్థిక సంవత్సరం మారగానే బిల్లు నంబర్ల వరుస కొత్తగా మొదలుపెట్టే కొట్లు ఎక్కువ కాబట్టి మార్చి చివరి వారం, ఏప్రిల్ మొదటి వారం పందాలకు దాదాపు సున్నా అనుకోండి. దీన్ని లెక్కలోకి తీసుకోకుండా ఏడాదికి 26 స్ప్రింట్లు అని గుణించే రోడ్‌మ్యాప్ మొదటి రోజే తప్పు.

తేదీల సంగతికి వద్దాం. "ఎప్పటికి అయిపోతుంది" అని అడిగితే స్టోరీ పాయింట్లు (పని పరిమాణానికి వేసే అంచనా మార్కులు) కూడి చెప్పే అలవాటు మానేయవచ్చు. గత పన్నెండు వారాల్లో వారానికి ఎన్ని పనులు పూర్తిగా ముగిశాయో రాయండి. ఒక టీమ్‌కు 4, 6, 3, 7, 5, 2, 6, 5, 4, 8, 3, 7 అనుకుందాం. మొత్తం 60, సగటు 5. ముందున్నవి 40 పనులు. సగటుతో భాగిస్తే 8 వారాలు, అందరూ చెప్పే తేదీ అదే. కానీ ఈ పన్నెండు అంకెల్లోంచి గుడ్డిగా ఒక్కొక్కటి తీసి మళ్లీ లోపల వేస్తూ, 40 చేరేదాకా కూడుతూ, అదే ఆటను కొన్ని వేలసార్లు ఆడించండి. స్ప్రెడ్‌షీట్‌లోనే అవుతుంది. 8 వారాల్లో ముగిసే అవకాశం సగానికి కాస్త పైన తేలుతుంది. అంటే సగటు తేదీ చెప్పడం నాణెం ఎగరేయడమే. 9 వారాలంటే దాదాపు 85 శాతం, 10 వారాలంటే 95 పైన.

ఇక్కడ అందరూ ఒక మెలిక మర్చిపోతారు. చేస్తూ ఉంటే పనులు విడిపోతాయి, కొత్తవి బయటపడతాయి. గతంలో మొదలుపెట్టినప్పుడు ఎన్ని అనుకున్నారు, చివరికి ఎన్ని అయ్యాయి అని రెండు మూడు ఫీచర్లకు చూడండి. 30 శాతం పెరుగుతున్నాయంటే 40 కాస్తా 52. అప్పుడు 11 వారాలకు 70 శాతం చుట్టూ, 12 వారాలకు 90 పైన నమ్మకం వస్తుంది. బయటకు చెప్పే తేదీ 12 వారాలే. ప్రతి వారం కొత్త అంకె చేర్చి మళ్లీ ఆడించండి, ఐదు నిమిషాల పని. నా దృష్టిలో ప్లాన్ నిజంగా నిరంతరం అయ్యేది ఇక్కడే. తేదీ మారుతుంటే గడువు వారం ముందు కాకుండా ఆరు వారాల ముందే తెలుస్తుంది.

ఈ లెక్క పనిచేయడానికి షరతు ఒకటుంది, చేతిలో పెట్టుకున్న పనులు అదుపులో ఉండాలి. అమెరికన్ పరిశోధకుడు జాన్ లిటిల్ 1961లో రుజువు చేసిన సూత్రం సూటిగా చెబుతుంది: సగటున నడుస్తున్న పనుల సంఖ్యను వారానికి ముగిసే సంఖ్యతో భాగిస్తే ఒక పనికి పట్టే సగటు సమయం. 15 నడుస్తూ వారానికి 5 ముగిస్తే 3 వారాలు. అదే 5 ముగిస్తూ నడుస్తున్నవి 10కి తగ్గిస్తే 2 వారాలు. ఎనిమిది మంది టీమ్‌కు పది మించి పనులు తెరిచి ఉంటే ముందు దాన్ని తగ్గించండి, ఆ తర్వాతే తేదీల గురించి మాట్లాడండి. టయోటాలో ఇంజినీర్ తైచి ఓనో కాన్బాన్ చీటీలు పెట్టించింది కూడా ఇందుకే, తర్వాతి అంచెకు అవసరం పడ్డాకే దాని ముందటి అంచె తయారుచేయాలి. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఆ చీటీలను బోర్డు మీద అంటించుకున్నారు గానీ పనుల సంఖ్య మీద పరిమితిని మాత్రం చాలాచోట్ల వదిలేశారు.

ఏది ముందు అన్నదానికి "హై, మీడియం, లో" పనికిరాదు, నెలలో అన్నీ హై అవుతాయి. ప్రాడక్ట్ తయారీ నిపుణుడు డొనాల్డ్ రైనర్ట్‌సన్ ప్రచారం చేసిన ఆలస్యపు ఖర్చు లెక్క వాడండి. ఒక పని వారం ఆలస్యమైతే ఎంత పోతుంది, దాన్ని పట్టే వారాలతో భాగించండి, ఎక్కువ వచ్చినది ముందు. ఉదాహరణకు బ్యాంక్ స్టేట్‌మెంట్ సరిపోల్చే ఫీచర్ వారం ఆలస్యమైతే 4 లక్షలు నష్టం, పట్టేది 8 వారాలు. వాట్సాప్‌లో బిల్లు పంపే ఫీచర్ 2 లక్షలు, 2 వారాలు. పెద్ద అంకె చూసి బ్యాంక్ ఫీచర్ ముందు చేస్తే మొత్తం ఆలస్యపు ఖర్చు 32 కూడిక 20, 52 లక్షలు. చిన్నది ముందు చేస్తే 4 కూడిక 40, 44 లక్షలు. 8 లక్షలు మిగిలాయి, ఏ కోడూ మారలేదు. అంకెలు కచ్చితంగా ఉండక్కర్లేదు, రెట్టింపో సగమో అన్న స్థాయిలో సరిగ్గా ఉంటే వరుస చాలాసార్లు సరిగ్గానే వస్తుంది. చట్టం తేదీ ఉన్న పని ఈ లెక్కలో పడదు. తేదీ దాకా ఖర్చు సున్నా, ఆ మర్నాడు ఆకాశాన్నంటుంది. వాటిని తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి, పైన చెప్పిన 95 శాతం నమ్మకం ఉన్న రోజున మొదలుపెట్టాలి. అంతకు ముందు కూడా వద్దు, నోటిఫికేషన్ వచ్చాక వివరణలు మారుతుంటాయి.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రత్యేకంగా వచ్చే సమస్య ఒకటుంది. ప్రశ్నలో మీరు ప్రస్తావించలేదు గానీ ఉండే ఉంటుంది. డెస్క్‌టాప్ వెర్షన్ వాడే కొట్లు అప్‌డేట్ చేసుకోవు. ఇంటర్నెట్ అంతంతమాత్రం, కౌంటర్ దగ్గర రద్దీ, పైగా "నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలించడం" అన్న భయం. మీరు రెండు వారాలకు రిలీజ్ చేసినా కస్టమర్ చేతికి చేరేది రెండు నెలలకు. అలాంటప్పుడు నాలుగు వారాలకు పందెం అంకె చూసి నిర్ణయం తీసుకుంటే మీరు చూస్తున్నది పాత వెర్షన్ ఫలితం. స్పందన వచ్చే వేగాన్ని మించి ప్లాన్ మార్చకూడదు. కాబట్టి రిలీజ్ చేసిన రోజు నుంచి సగం మంది కస్టమర్లు ఆ వెర్షన్‌కు రావడానికి ఎన్ని రోజులు పడుతోందో కొలవండి. 45 రోజులైతే మీ మొదటి పందెం కొత్త ఫీచర్ కానే కాదు, వెనకాల నిశ్శబ్దంగా జరిగిపోయే అప్‌డేట్. క్లౌడ్ వెర్షన్ ఉంటే ఫీచర్‌ను స్విచ్ వెనక పెట్టి ముందు 5 శాతం మందికి తెరవండి, ఒక దాఖలు గడువు దాటనివ్వండి, తర్వాత పెంచండి. గడువు దాటకుండా చూసిన వాడకం అంకెలు ఈ రంగంలో నమ్మదగ్గవి కావు, నెలలో మొదటి పది రోజుల వాడకం వేరు, చివరి పది రోజులది వేరు.

సేల్స్ వాళ్లతో గొడవ పడకుండా గడవాలంటే వాళ్లకు చూపించే రోడ్‌మ్యాప్ వేరుగా, మూడు గడుల్లో ఉండాలి: ఇప్పుడు, తర్వాత, ఆ పైన. తేదీ ఉండేది మొదటి గడిలోనూ చట్టం పనుల పక్కనా మాత్రమే. ఆ తేదీ కూడా 85 శాతం తేదీ అని రాసి ఉండాలి. రెండో గడిలోది డీల్ కోసం కస్టమర్‌కు చెప్పొచ్చు, ఒప్పందంలో రాయకూడదు. రాయక తప్పని పెద్ద డీల్ వస్తే సంతకానికి ముందే ప్రాడక్ట్ మేనేజర్ చూసి, ఏ పని వెనక్కి వెళ్తుందో అదే మెయిల్‌లో రాయాలి. ఆ ఒక్క వాక్యం రాయాల్సి రావడం వల్లే సగం హామీలు ఆగిపోతాయి.

బడ్జెట్ సంగతి కూడా తేల్చుకోండి, లేకపోతే ఇదంతా మార్చిలో కూలిపోతుంది. ఫైనాన్స్ ఇంకా ప్రాజెక్టు పేరు మీద డబ్బు ఇస్తుంటే, పందెం ఆపిన రోజున డబ్బు వెనక్కి పోతుందన్న భయంతో ఎవరూ ఏదీ ఆపరు. నాలుగు టీమ్‌ల జీతాలు, సర్వర్ల ఖర్చు ఏడాదికి ఒకేసారి ఒప్పించుకోండి. దేని మీద పనిచేస్తారన్నది నాలుగు వారాల సమీక్షకు వదిలేయమనండి. స్వీడన్‌లోని హాండెల్స్‌బ్యాంకెన్ అనే బ్యాంకు 1970లలోనే వార్షిక బడ్జెట్‌ను వదిలేసి దశాబ్దాలపాటు నడిచింది కాబట్టి ఇదేమీ సాఫ్ట్‌వేర్ వాళ్ల వింత కోరిక కాదని మీ ఫైనాన్స్ హెడ్‌కు చెప్పొచ్చు. ఒప్పుకుంటారని హామీ ఇవ్వలేను.

మొదలుపెట్టడం ఇలా. ముందు రెండు వారాలు ప్రాధాన్యాల మార్పు పూర్తిగా ఆపండి, పైన చెప్పిన మూడు కారణాలకు తప్ప. ఆ సమయంలో గత పన్నెండు వారాల పనులు ఒక్కొక్కటీ ఏ రోజు మొదలై ఏ రోజు ముగిసిందో తీయండి. పనులు నమోదు చేసే జిరా సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది, కాకపోతే "ఇన్ ప్రోగ్రెస్" ఎప్పుడు పెట్టారో నమ్మడానికి లేదు, మొదటి కోడ్ కమిట్ (కోడ్‌ను భద్రపరిచిన) తేదీతో సరిచూడండి. మూడో వారంలో బ్యాక్‌లాగ్ (చేయాల్సిన పనుల జాబితా) కత్తిరించండి. ఆరు నెలలుగా ఎవరూ ముట్టని ప్రతి పనినీ మూసేయండి, నిజంగా ముఖ్యమైతే ఎవరో ఒకరు మళ్లీ అడుగుతారు. 600 పనుల బ్యాక్‌లాగ్ 80కి రావాలి. నాలుగో వారంలో టీమ్‌కు ఒక్కో పందెం రాయండి, ఆపే షరతుతో సహా. తేదీల లెక్క ఆ తర్వాత. అంతకు ముందే మొదలుపెడితే పాత బ్యాక్‌లాగ్ చెత్త మీద లెక్క వేసినట్టవుతుంది.

రెండు నెలలయ్యాక రెండు అంకెలు చూడండి. మొదలుపెట్టాక మధ్యలో ఆపేసిన పనులు నెలకు ఎన్ని, నాలుగు వారాల సమీక్షలో కావాలని ఆపిన పందాలు ఎన్ని. మొదటిది సున్నా వైపు దిగుతూ ఉండాలి. రెండోది సున్నా అయితే అనుమానించండి. రెండు సమీక్షల్లో ఒక్కటీ ఆగలేదంటే, ఒకటి మీ ఊహలన్నీ నిజమై ఉండాలి, లేదా ఆపే షరతును ఎవరో మెత్తగా రాసి ఉండాలి. ఆ షరతు కాగితాలు తీసి ఎవరు ఎప్పుడు మార్చారో చూడండి.